చదువరులను సంపాదించిన సురవరము ప్రతాపరెడ్డి

పహాడీ షరీఫు గుట్టకు పడమట, ఇప్పుడు విమానములు దిగుచున్న మైదానమునకు ఆవల, శంషాబాదు ప్రక్కగా రైలుమార్గమొకటి దక్షిణమునకు పోవుచున్నది. ఉందానగరు స్టేషను దాటి అది పాలమూరు మీదుగా గద్వాలకును, అచటనుండి కర్నూలునకును చేరును. ఆ గద్వాల సీమనుండి హైదరాబాదునకు వచ్చి, ఈ నగరమున కూర్చుండి, మారుమూల పల్లెలలో తెలుగు చదువువారిని ఒక్కరొక్కరినిగా సంపాదించిన రచయిత సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన పేరెరుగని గ్రంథాలయము తెలంగాణమున ఉండదు. అయితే ఆయన గ్రంథములు గ్రంథాలయపు బీరువాలో చేరుటకు ముందు, ఆ బీరువా తలుపు తెరచువారు పుట్టవలసి యుండెను. ఆయన జీవితములో అధికభాగము ఆ పనికే వ్యయమైనది.

గ్రంథము వ్రాయుట యొక శ్రమ. దానిని చదువువారిని కూడగట్టుకొనుట వేరొక శ్రమ. సర్కారు జిల్లాలలోని రచయితకు ఈ రెండవ శ్రమ కొంత తేలికగా నుండెను. అచట బడులలో తెలుగు చెప్పుచుండిరి. అచ్చుకూటములుండెను, పత్రికలుండెను, నాటక సమాజములుండెను. నైజాము రాష్ట్రములో స్థితి వేరు. ప్రజలలో సగమునకు దగ్గరగా తెలుగువారే యైనను కచేరీలలో ఉర్దూ, న్యాయస్థానములలో ఉర్దూ, 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనయు ఉర్దూలోనే. చదువు వచ్చినవారు నూటికి అయిదుగురికి మించని కాలమది. ఆ అయిదుగురిలోను బ్రతుకుతెరువు కొరకు ఉర్దూ నేర్చినవారే యెక్కువ. ఇంట మాటాడు భాషలో ఒక జాబు వ్రాసికొనలేని విద్యావంతులు అప్పుడు అరుదు కాదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో, మహారాష్ట్రమునుండి వచ్చిన కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషలలో ప్రసంగించినవారిని సభ ఓపికతో వినెను. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాటాడ మొదలిడగానే కేకలు వేసి, చప్పట్లు చరచి, ఆయనను కూర్చుండబెట్టిరి. తెలుగువారు సగమున్న రాష్ట్రపు రాజధానిలో తెలుగు వినువారు లేకపోయిరి. ఆ అవమానమును భరింపలేక కొందరు ఆ రాత్రియే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ఆయువుపట్టైరి. సంఘము ఏర్పడినది సరే. దాని మాట ఊరూరికి మోయు పత్రిక కావలసి యుండెను. ఆ పత్రికను నడపగలవాడు అప్పటికి చదువు ముగించుకొనుచున్న యువకుడు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన జన్మించిరి. ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ సీమలో సంస్థానపు పండితుల ప్రభావమొక వైపు, నదికావల కర్నూలు ఇంగ్లీషు చదువు మరొక వైపు ఉండెను. ఆయనకు రెండును అబ్బెను. కర్నూలులో పాఠశాల చదువు, దానితోపాటు సంస్కృతము. హైదరాబాదు నిజాం కళాశాలలో కొంతకాలము. పిదప చెన్నపట్టణమున బి.ఏ., న్యాయశాస్త్రము. చెన్నపట్టణమున ఆంధ్రపత్రిక 1914నుండి దినపత్రికగా వెలువడుచుండెను. తెలుగు చదువువారు వేలకొలదిగా ఉండిన నగరమును చూచి, అట్టివారు వ్రేళ్లపై లెక్కింపదగిన నగరమునకు ఆయన తిరిగివచ్చిరి. వకీలు వృత్తిలో నిలిచి యుండినచో ధనమునకు లోటుండెడిది కాదు. ఆయన మనసు అందు నిలువలేదు.

నగర కొత్వాలు రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమున 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహము ఏర్పడి యుండెను. 1924నుండి కొన్ని సంవత్సరములు ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా నుండిరి. పల్లెలనుండి వచ్చిన పిల్లలకు కూడు, గూడు చూపుటతో అక్కడి పని ముగియునని ఆయన తలపలేదు. వసతిగృహపు గ్రంథాలయమును గ్రంథము వెంట గ్రంథము చేర్చి పెంచిరి. ఉర్దూలో పాఠములు వల్లించి వచ్చిన పిల్లవానికి సాయంకాలమున చేతికందుచోట తెలుగు గ్రంథముండవలెను. సెలవులకు ఊరికి పోవునపుడు అతడు తన వెంట ఆ రుచిని కొనిపోవును. రచయితకు చదువరి ఇట్లు కూడ పుట్టును. ఈ సంగతి గ్రంథాలయము నడపువారికి వేరుగ చెప్ప నక్కరలేదు.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. వారమునకు రెండుసార్లు వచ్చు పత్రిక. అంతకు ముందు తెలంగాణములో తెలుగు పత్రికలు లేవని కాదు. 1922లో ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెలుగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. వారి త్యాగము చిన్నది కాదు. కాని ఆ పత్రికలు నిలువలేదు. గోలకొండ పత్రిక నిలిచినది. కొత్వాలుగారి అండ అందుకొక కారణము. ప్రతాపరెడ్డిగారి వెన్నెముక రెండవ కారణము. వార్తలు వ్రాయుట, వచ్చిన వ్యాసములు దిద్దుట, అచ్చుతప్పులు చూచుట, జాబులకు బదులు వ్రాయుట, చివరకు పత్రికలు మడచి చిరునామాలు వ్రాయుటవరకు ఆయనే చూచుకొనిరి. తెలుగు భాషను సేవించుట, కులమత భేదము లేక ఆంధ్రులందరి మేలు కోరుట పత్రికకు పెట్టుకొన్న ఉద్దేశములు.

పత్రికను ఒక పల్లెలో ఒకడు తెప్పించుకొనును. పదిమంది వినుటకు కూడుదురు. చదువు రానివాడు చదువరి కాడనుకొనుట పట్టణపు పొరపాటు. రచ్చకట్టపై అరుగు దిగకుండ విన్న రైతు మరునాడు పొలములో మరి నలుగురికి చెప్పును. గోలకొండ పత్రిక ఈ సంగతి నెరిగి నడచినది. వెట్టిచాకిరి, పటేలు పట్వారీల దౌర్జన్యము, ఊరి బడికి పంతులు లేకపోవుట, కొత్తగా తెరచిన పఠనాలయము, బావి తగాదా - ఇట్టివాటికి అందు చోటుండెను. తన ఊరి పేరు అచ్చులో కనబడినచో ఎవడు పత్రికను పారవేయును? అట్లు చదువరి మెల్లగా విలేఖరి యగును. విలేఖరి పిదప రచయిత యగును. తెలంగాణములో తరువాతి కాలమున పేరొందిన రచయితలలో పలువురి తొలి వ్రాతలకు గోలకొండ పత్రిక పుటలే ఒడి యయ్యెను.

ఆరంభములో వ్రాయువారు కొరవడిన దినములలో ఆయన పలు పేర్లు పెట్టుకొని వ్రాసిరి. ఒకచోట భావకవి రామమూర్తి, మరొకచోట సంగ్రామసింహ. సంపాదకీయము వ్రాసిన చేతనే హాస్యము, ఆ ప్రక్కనే పరిశోధనము. దీనిని కపటమనువారు అనవచ్చును. కాని నలుగురు కూర్చుండిన పంక్తిలో ఐదవవాడు సంకోచము లేక కూర్చుండును. ఒక్కడే తినుచున్న ఇంటికి అతిథి పోవుటకు జంకును. పత్రిక నిండుగ కనబడినందున ఇతరులు ధైర్యము తెచ్చుకొని వ్రాసి పంపిరి. రచయితలు సామాన్యముగ తమ పేరును పెంచుకొనుటకు పత్రికను వాడుకొందురు. ఇచట ఒక రచయిత పత్రిక కొరకు తన పేరునే మరుగుపరచుకొనెను. తన పేరు చాటుకొను ఉపాయముగ చూచినచో ఇంతకంటె అవివేకపు పద్ధతి లేదు. ఆయన మేలుగాంచినది కూడ ఈ పద్ధతి వలననే.

ప్రభుత్వమునకు ఈ పత్రిక కంటిలో నలుసైనది. సభ జరుపవలెనన్నను ముందుగ అనుమతి పొందవలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 అనునది ఆ కాలపు ఆజ్ఞయే. గ్రంథాలయమును తెరచుటను కూడ అధికారులు అనుమానముతో చూచుచుండిరి. నలుగురు కూడి చదువుట నాటి దొరతనమునకు భయకారణమయ్యెను. ప్రతాపరెడ్డిగారు వీనిని తమ పత్రికలో విమర్శించుచునే యుండిరి. ఇందలి చిక్కు ఊహింపదగినది. పత్రికకు వెన్ను కాచిన కొత్వాలుగారు ప్రభుత్వోద్యోగి. పత్రిక ఎండగట్టుచున్నది ఆ ప్రభుత్వమునే. ఒక దశలో సంపాదకీయములను అనుమతి లేక ప్రకటింపరాదని కట్టడి వచ్చెను. ఆయన సంపాదకీయపు చోటులో దేశదేశముల మహనీయుల సూక్తులను ప్రకటించిరి. మహాత్ముల మాటలను ఎవరు తప్పు పట్టుదురు? చదువరులు వాని నడుమనున్న సంగతి గ్రహించిరి. సగము మాట సంపాదకుడు చెప్పగా మిగిలిన సగము చదువరి పూరించుకొనెను. పత్రికకును చదువరికిని ఇట్టి పొత్తు కుదురుటకు ఏండ్లు పట్టును. అది కుదిరిన పిదప ఆజ్ఞలు తేలికగా దానిని తెంపలేవు.

1930లో జోగిపేటలో నిజాంరాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటిసారి జరిగినపుడు అధ్యక్షపదవికి ప్రతాపరెడ్డిగారినే ఎన్నుకొనిరి. నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు అచటనే జరిగెను. తొమ్మిదేండ్లకు ముందు తెలుగు వక్తను కూర్చుండబెట్టిన రాష్ట్రములోనే ఇప్పుడు పలు జిల్లాలనుండి జనులు వచ్చి తెలుగు ఉపన్యాసములు వినిరి. ఆ వచ్చినవారిలో ఎందరు ఆయన పత్రికను చదివి వచ్చిరో లెక్క వ్రాసినవారు లేరు.

ఆయన పనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది గోలకొండ కవుల సంచిక. తెలంగాణములో తెలుగు కవులు శూన్యమను అర్థము వచ్చునట్లు ఒక పండితుడు వ్రాసెను. ఆ మాట చాలమందిని నొప్పించెను. ఇట్టి మాటకు మాటతో బదులు చెప్పుట సులభము. పత్రిక చేతిలోనే ఉన్నది, కలము వాడియైనది, పదినాళ్లు వాదము నడచియుండెడిది. పత్రిక అమ్మకమునకు కూడ అట్టి వాదము లాభకరమే. ప్రతాపరెడ్డిగారు ఆ త్రోవ త్రొక్కలేదు. కవులారా, మీ పద్యములను, మీ వివరములను పంపుడని పత్రిక ద్వారమున కోరిరి.

జాబులు రాసాగెను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము వంటి సంస్థానములలోని పండితులు సరే. వారిని లోకము కొంత యెరుగును. ఎవరును ఎరుగని పల్లెలనుండియు పద్యములు వచ్చెను. తండ్రితాతలు వ్రాసిన తాళపత్రములు అటకమీద నున్నవారు, శతకము వ్రాసి గుడిలో దేవునికి వినిపించి ఊరకున్నవారు, తమను కవులని ఎవరైన పిలుతురని కలలోకూడ తలపనివారు ఇందున్నారు. స్త్రీలును ఉన్నారు. 1934లో సంచిక వెలువడునప్పటికి అందు చేరిన కవులు 354 మంది. అప్పటి కవుల పద్యములతోపాటు పూర్వకవుల వివరములు కూడ అందు చేర్చబడెను. శూన్యమన్న చోట 354 అను అంకె నిలిచెను. ప్రత్యుత్తరమునకు వేరొక వాక్యము అవసరము కాలేదు.

ఆ సంచికలోని పద్యములన్నియు ఉత్తమములని చెప్పినచో అది సత్యము కాదు. ప్రాసకొరకు ప్రాకులాడినవి ఉన్నవి. పాత వర్ణనలనే తిరుగద్రిప్పినవి ఉన్నవి. ప్రతాపరెడ్డిగారి వంటి విమర్శకునకు అది తెలియకపోలేదు. మేలైన నలుబదిమందిని ఏరి చిన్న సంపుటము వేసినచో పండితులు మెచ్చియుందురు. ఆయన కోరినది ఆ మెప్పు కాదు. ఒక కవి పేరు అచ్చైనచో అతని ఇల్లు, అతని వీధి, అతని ఊరు ఆ గ్రంథమును చూడగోరును. 354 మంది కవులనగా 354 కుటుంబములలో తెలుగు గ్రంథమునకు ఒక పీట వేసినట్లు. ఆ కవులందరు ఆ దినమునుండి ఇతర కవుల పద్యములను కూడ చదువసాగియుందురని ఊహించుట తప్పు కాదు. సంపుటమును చూచినవారికి కవులు కనబడుదురు. సంపాదకుని పని కనబడుటకు కొంచెము ఆగి చూడవలెను: జాబులు చదివి, చేతివ్రాతలు విప్పుకొని, ఊళ్ల పేర్లు సరిచూచి, వరుస కూర్చి, అచ్చుతప్పులు దిద్దినది ఎవరు?

పత్రిక పుట్టిన పుష్కరమునకు, అనగా 1938 ప్రాంతమునకు, ఫలితము కంటికి కనబడసాగెను. ఆ యేడు కె.సి. గుప్తగారు అణా గ్రంథమాలను, వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఒక్క అణా వెలకు తెలుగు పుస్తకము అమ్ముట సాధ్యమైనదనగా కొనువారు పెక్కురు ఉండవలెను గదా! ఆళ్వారుస్వామిగారు పుస్తకముల సంచి మోసికొని ఊళ్లు తిరిగి అమ్మిన సంగతి తెలంగాణమున ప్రసిద్ధము. పుస్తకములు మోసినవాని కాళ్లకు త్రోవ వేసినవారిలో గోలకొండ పత్రిక సంపాదకుడొకరు. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు హైదరాబాదులో ఏర్పడి, ఊరూర తెలుగు పరీక్షలు జరుపసాగెను. ఆ పరిషత్తు వృద్ధికి కూడ ఆయన పాటుపడిరి.

ఇక ఆయన స్వంత గ్రంథముల మాట. హిందువుల పండుగలు అను గ్రంథమును చూడుడు. సంక్రాంతి ఎందుకు వచ్చును, ఏరువాక ఏమి, ఈ నోములేమి, ఈ పిండివంటలేమి? ఇవి ఎరుగని ఇల్లు లేదు. అయినను వీనిని విచారించి చూచినవారు కొందరే. పండితుడు తనకు తెలిసినదానినుండి మొదలిడును. ప్రతాపరెడ్డిగారు చదువరికి తెలిసినదానినుండి మొదలిడి తమకు తెలిసినదానివరకు అతనిని నడిపించుకొని పోయిరి. రామాయణ విశేషములు ఇట్టిదే. మొగలాయి కథలలో నైజాము పాలనలోని అధికారుల తీరును నవ్వు పుట్టునట్లు చెప్పిరి. తమ తాలూకాలోని ఒక అధికారిని అందు గుర్తుపట్టని చదువరి ఉండడు. భక్త తుకారాము మొదలగు నాటకములును ఆయన వ్రాసిరి. వీనినిగూర్చి విస్తరించి చెప్పవలసినది తక్కువ.

చెప్పవలసినది 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను గూర్చి. అప్పటికి నైజాము పాలన ముగిసి ఎక్కువ కాలము కాలేదు. దేశచరిత్రమనగా రాజులు, యుద్ధములు, సంధులు అని పాఠశాలలలో నేర్పుచుండిరి. ఈ గ్రంథములో రాజులు ద్వారపాలకుల వలె కనబడి ప్రక్కకు తప్పుకొందురు. వారి వెనుకనుండి ప్రజలు వత్తురు: వారు కట్టిన బట్ట, తిన్న తిండి, పెట్టుకొన్న నగలు, ఆడిన ఆటలు, నమ్మిన శకునములు, చేసిన వర్తకము, అంగడివీధిలోని కేకలు. దీనికి ఆధారములు ఎచట దొరకినవి? కొంత శాసనములలో, అంతకంటె ఎక్కువ కావ్యములలో. పాల్కురికి సోమనాథుని గ్రంథములను, క్రీడాభిరామమును, శ్రీనాథుని చాటువులను, శుకసప్తతిని, హంసవింశతిని ఆయన పద్యసౌందర్యము కొరకు కాక అందలి వంటింటి సామగ్రి కొరకు, సంతలోని సరకు కొరకు, పిల్లల ఆటల పేర్ల కొరకు జల్లెడ పట్టిరి. నిఘంటువులలో లేని మాటకు అర్థము పల్లెలో ఇంకను పలుకుచున్న ముసలివారిని అడిగి తెలిసికొనుట ఉత్తమమని ఆయన మతము. సామెత కూడ ఆయనకు సాక్ష్యమే.

ఇట్టి గ్రంథము విశ్వవిద్యాలయపు గదిలో పుట్టుట కష్టము. పావు శతాబ్దము పల్లెలనుండి వచ్చిన జాబులు చదివిన కన్నులు దానికి కావలెను. ఏ ఊరిలో ఏ మాట పలుకుదురో, ఏ సీమలో ఏ పంట వండుదురో, ఏ కులమువారికి ఏ వేడుక ఉన్నదో గోలకొండ పత్రిక బల్లమీదనే ఆయన నేర్చుకొనిరి. ఆయన తమ చదువరులకు తెలుగు ఇచ్చిరి. చదువరులు తిరిగి ఆయనకు గ్రంథమును ఇచ్చిరి. గ్రంథములో లోపములు లేకపోలేదు. కొన్ని చోట్ల ఊహ ముందుకు దుమికినది. కొన్ని తీర్పులు తొందరగా ఇచ్చినవి. ఆయనకు ఇష్టము లేని ఆచారములపై కలము అవసరమునకు మించి కటువైనది. తరువాతి పరిశోధకులు కొన్నిటిని సవరించిరి. సవరించినవారందరును మొదట ఈ గ్రంథమును చదివియే ఆ పనికి పూనుకొనిరి.

గోలకొండ పత్రికనుండి తప్పుకొనిన పిదప ఆయన 1951లో ప్రజావాణి అను మరియొక పత్రికను నడపిరి. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఓట్లడుగుటకు పోయిన ఊళ్లలో ఆయనను అభ్యర్థిగా కంటె పత్రికాధిపతిగా ఎరిగినవారే ఎక్కువ యనుట అతిశయోక్తి కానేరదు. శాసనసభలో ఆయన ఎక్కువ కాలము ఉండలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున, హైదరాబాదులో దివంగతులైరి.

1955లో కేంద్ర సాహిత్య అకాడమి తన పురస్కారములను మొదటిసారి ప్రకటించినపుడు తెలుగు భాషకు గాను ఎన్నికైన గ్రంథము ఆంధ్రుల సాంఘిక చరిత్ర. గ్రంథకర్త గతించి అప్పటికి రెండేండ్లు. పిదప ఆ గ్రంథము పలుమారులు పునర్ముద్రణము పొందినది; హైదరాబాదు హుసేనుసాగరపు కట్టపై ఆయన విగ్రహము నిలిచినది; నగరములోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఇటీవల ఆయన పేరు పెట్టిరి. గోలకొండ కవుల సంచికయు మరల అచ్చైనది. అందులో తమ తాతగారి పేరు, ఊరి పేరు వెదకుకొను చదువరులు ఇప్పటికిని ఉన్నారు.